నల్లమల అంచు గ్రామాలలో వేసవి అగ్ని ప్రమాదాలు: కారణాలు, నష్టాలు, నివారణ, ముందస్తు సన్నద్ధత

మాఘ మాసం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించేసరికి మన ఆకురాల్చు అడవుల నేలపై ఎండుటాకు పరచుకుంటుంది. గడ్డి పచ్చదనం కోల్పోయి గలగలలాడుతుంది. ఈ దశ నుండి తొలకరి జల్లులు పడే వరకు, అనగా ఫిబ్రవరి మొదలు మే నెలాఖరు వరకు, అడవికీ అడవి అంచున సాగు చేసే రైతుకూ ఏడాదిలో కెల్ల ప్రమాదకరమైన కాలం. దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచుగా అగ్ని ప్రమాదానికి లోనయ్యే స్థితిలో ఉన్నదని భారత అటవీ సర్వేక్షణ సంస్థ గుర్తించింది. తెలుగు రాష్ట్రాలలో నల్లమల, శేషాచలం కొండలు, గోదావరి పరీవాహక ప్రాంతపు టేకు అడవులు, తూర్పు కనుమల ఉత్తర భాగం ఈ కోవలోకి వస్తాయి.

అడవి మంటను అటవీశాఖకు మాత్రమే సంబంధించిన విషయంగా భావించడం పరిపాటి. అయితే అడవిలో పుట్టిన మంట పొలంలోకి రావడం, పొలంలో పెట్టిన మంట అడవిలోకి పోవడం రెండూ జరుగుతున్నాయి. కృష్ణా నదికి ఇరువైపులా విస్తరించిన నల్లమలను ఉదాహరణగా తీసుకొని, అంచు గ్రామాల రైతులు, పశుపోషకులు, అటవీ ఫలసాయంపై ఆధారపడిన కుటుంబాలు తెలుసుకోవలసిన అంశాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

నల్లమల అడవి స్వభావం

నల్లమలలో ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం సుమారు 3,728 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉన్నాయి. నల్లమద్ది, ఏగిస, చిరుమాను, టేకు, తునికి, ఇప్ప, వెదురు ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. వీటిలో అధిక భాగం వేసవికి ముందే ఆకు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటాయి. చెట్టుకు ఇది రక్షణే గాని నేలపై మాత్రం ఎండిన ఇంధనం పేరుకుంటుంది. దీనికి తోడు వానకాలంలో నిలువెత్తు పెరిగిన బోద వంటి గడ్డి జాతులు జనవరికే ఎండిపోతాయి. వెదురు గుబురులలో ఎండిన కణుపులు, గాలికి విరిగిన కొమ్మలు అదనపు ఇంధనమవుతాయి.

వర్షాలు బాగా కురిసిన సంవత్సరం తరువాత వచ్చే వేసవిలో ముప్పు తగ్గుతుందని పలువురు అనుకుంటారు. వాస్తవానికి అటువంటి సంవత్సరాలలో గడ్డి దట్టంగా పెరిగి, ఎండిన తరువాత మంటకు మేత ఎక్కువవుతుంది. కావున వర్షాధిక్యం ఉన్న ఏడాది తరువాత మరింత జాగరూకత అవసరం.

మంట ఎలా నడుస్తుంది?

మంట నిలబడడానికి ఇంధనం, వేడి, ప్రాణవాయువు అనే మూడూ కావాలి. వీటిలో ఏ ఒక్కదానిని తొలగించినా మంట ఆరుతుంది. ఆరుబయట ప్రాణవాయువును తొలగించడం కష్టం గనుక, అడవి మంటను అదుపు చేసే పద్ధతులన్నీ ప్రధానంగా ఇంధనాన్ని తొలగించడంపైన, నీటితో వేడిని తగ్గించడంపైన ఆధారపడి ఉంటాయి. పచ్చికొమ్మలతో కొట్టడం, మట్టి చల్లడం వలన అంచులోని సన్న మంటకు గాలి అందకుండా పోతుంది.

అడవి మంటలు మూడు రకాలు. నేల పొరలలోని వేర్లు, కుళ్ళిన పదార్థం నెమ్మదిగా రగలడం భూగర్భ మంట. రాలిన ఆకు, గడ్డి, పొదలు కాలడం ఉపరితల మంట. చెట్ల తలలు అంటుకొని ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు పాకడం శిఖర మంట. మన ఆకురాల్చు అడవులలో సంభవించేవి అధికంగా ఉపరితల మంటలే. ఇవి ఎత్తులో తక్కువైనా వ్యాప్తిలో వేగవంతమైనవి. వెదురు గుబురులోనికి ప్రవేశించినప్పుడు మాత్రం ఒక్కసారిగా పైకి ఎగసి, నిప్పురవ్వలను దూరంగా విసరుతాయి.

మంట నడకను మూడు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది వాలు. మంట ఎగువ వైపు పాకేటప్పుడు దాని వేడి ముందున్న గడ్డిని ముందే ఎండబెట్టి వేడెక్కిస్తుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ ఎగువకు పాకే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక సాధారణ అంచనా. రెండవది గాలి. పగటివేళ కొండవాలు వేడెక్కడం వలన గాలి లోయ నుండి పైకి, రాత్రివేళ పై నుండి లోయకు వీస్తుంది. మూడవది తేమ. మిట్టమధ్యాహ్నం నుండి సాయంత్రం నాలుగు గంటల వరకు గాలిలో తేమ కనిష్ఠంగా ఉండి మంట ఉధృతమవుతుంది. తెల్లవారుజామున అదే మంట మందగిస్తుంది. మంటను ఎప్పుడు, ఏ వైపు నుండి ఎదుర్కోవాలో తెలుసుకోవడానికి ఈ మూడు విషయాల అవగాహన తప్పనిసరి.

కారణాలు

మన ప్రాంతంలో పిడుగుల వలన అడవి అంటుకోవడం అరుదు. అత్యధిక సందర్భాలలో నిప్పు మానవుని చేతి నుండే వస్తుంది. కొన్నిసార్లు అది అజాగ్రత్త, మరికొన్నిసార్లు జీవనోపాధికి సంబంధించిన అలవాటు.

ఇప్పపువ్వు సేకరణ: మార్చి, ఏప్రిల్ నెలలలో పువ్వు నేలరాలుతుంది. ఎండుటాకుల మధ్య పువ్వు కనబడదు గనుక చెట్టు కింద ఆకును కాల్చి శుభ్రం చేస్తారు. ఆ మంట చెట్టు కిందనే ఆగదు.

బీడీ ఆకు: తునికి పొదలు కాలిన తరువాత లేత చిగురు ఎక్కువగా వస్తుందన్న నమ్మకంతో నిప్పు పెడతారు.

పశువుల మేపు: పాత గడ్డిని కాల్చితే కొత్త గడ్డి త్వరగా మొలుస్తుందని కాపరులు భావిస్తారు.

తేనె సేకరణ: తేనెటీగలను తోలడానికి వెలిగించిన కాగడాను ఆర్పకుండా వదిలివేయడం.

పంట వ్యర్థాల దహనం: అడవిని ఆనుకొని ఉన్న పొలాలలో పత్తి కట్టె, మిరప కట్టె, మొక్కజొన్న చొప్ప, గట్లపై పొదలు కాల్చడం. వేసవి దుక్కులకు ముందు జరిగే ఈ పని సరిగా అడవి ఎండిన సమయంలోనే వస్తుంది.

యాత్రలు, రహదారులు: మహాశివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం వెళ్ళే కాలినడక భక్తులు నల్లమల గుండా ప్రయాణిస్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరుగుతుంది. వంట పొయ్యిలు, ఆర్పని బీడీ సిగరెట్టు ముక్కలు ఈ దారుల వెంట మంటలకు కారణమవుతాయి.

నష్టాలు

అడవి మంట వలన తక్షణ నష్టం కంటికి కనబడుతుంది. కాలక్రమంలో కలిగే నష్టం అంతకంటె పెద్దది.

నేల: మొక్కల కణజాలం, వేర్లు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మరణిస్తాయి. సుమారు 200 డిగ్రీలు దాటితే సేంద్రియ పదార్థంలోని నత్రజని వాయురూపంలో పోవడం మొదలవుతుంది. ఎండిన మట్టి వేడిని లోనికి త్వరగా పంపదు గనుక గడ్డి మంట పైపొరనే దెబ్బతీస్తుంది. కాని పడిపోయిన మాను రోజుల తరబడి రగిలిన చోట నేల లోతు వరకు మాడిపోతుంది. ఆకుచెత్త కప్పు లేని వాలుపై తొలకరి చినుకు నేరుగా పడి మట్టిని కదిలిస్తుంది. ఆ మట్టి వాగుల మీదుగా చెరువులకు, కుంటలకు చేరి పూడిక పెంచుతుంది. ఇంకవలసిన నీరు పారిపోయి, దిగువ పొలాల బావులకు ఊట తగ్గుతుంది.

అటవీ పునరుత్పత్తి: ముదిరిన టేకు, మద్ది వంటి చెట్లు మందపాటి బెరడు వలన ఒక మంటను తట్టుకొనగలవు. రెండు మూడేళ్ళ మొలకలకు ఆ శక్తి లేదు. ఏటేటా మంట వచ్చే చోట పెద్ద చెట్లు నిలిచి ఉన్నా, వాటి తరువాతి తరం ఉండదు. ఖాళీలను పశువులు తినని లాంటానా వంటి కలుపు పొదలు ఆక్రమిస్తాయి. అందువలన మేపు కొరకు పెట్టిన నిప్పు చివరకు మేపునే హరిస్తుంది.

వన్యప్రాణులు: నేలపై గూడు కట్టే పక్షులు, తాబేళ్ళు, పాములు, జింక పిల్లలు మంటకు బలి అవుతాయి. మేత, నీరు కరువైన జంతువులు పొలాల వైపు వస్తాయి.

వ్యవసాయం: తోటల కంచెలు, డ్రిప్పు లేటరల్ పైపులు, స్టార్టరు పెట్టెలు, గడ్డివాములు, పశువుల కొట్టాలు, కళ్ళంలో ఆరబోసిన మిరప, ఏరడానికి సిద్ధంగా ఉన్న పత్తి నిమిషాలలో బుగ్గి అవుతాయి. మామిడి, జీడిమామిడి చెట్ల బెరడు మాడితే చెట్టు ఆ ఏడాది బతికినా క్రమంగా క్షీణిస్తుంది.

ప్రాణనష్టం: 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో ఎండుగడ్డి వాలుపై పర్వతారోహకులు మంటలో చిక్కుకొనగా 20 మందికి పైగా మరణించారు. 2014 మార్చిలో తిరుమల సమీపంలోని శేషాచలం అడవులలో వ్యాపించిన మంటలను ఆర్పడానికి భారత వాయుసేన హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది. గడ్డి మంటను చిన్నదిగా భావించరాదని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

“కాల్చితే మేలు” అన్న నమ్మకం ఎంతవరకు నిజం?

ఈ నమ్మకంలో కొంత వాస్తవం లేకపోలేదు. బూడిదలో పొటాష్, కాల్షియం ఉంటాయి. కాబట్టి కాలిన వెంటనే మొలిచిన గడ్డి పచ్చగా కనిపిస్తుంది. కాని ఈ లవణాలు బూడిద రూపంలో నేలపైననే ఉండి, మొదటి వాననీటితో కొట్టుకుపోతాయి. నత్రజని, గంధకం గాలిలో కలిసిపోతాయి. ఒక టన్ను వరి గడ్డిని కాల్చితే సుమారు 5.5 కిలోల నత్రజని, 1.2 కిలోల గంధకం నష్టపోతామని అంచనా. ఆ నత్రజని 12 కిలోల యూరియాలో లభించే దానికి సమానం. కాల్చిన వాడు తన పొలపు ఎరువును తానే గాలికి వదిలినట్లవుతుంది.

నివారణ: నిప్పు అవసరం లేని పద్ధతులు

నిషేధం ఒక్కటే నిప్పును ఆపలేదు. నిప్పుతో తీరుతున్న అవసరం మరో విధంగా తీరినప్పుడే అలవాటు మారుతుంది. ఇప్ప చెట్టు కింద ఆకు కాల్చే స్త్రీకి రెండు పాత చీరలో, ఒక వలో ఉంటే ఆ నిప్పు అవసరమే రాదు. చెట్టు కింద వల గాని, పాత చీరలు గాని పరచి పువ్వును సేకరిస్తే మట్టి, మసి అంటక శుభ్రంగా ఉంటుంది. వల లేని వారు చెట్టు చుట్టూ ఆకును ఊడ్చి, కుప్పగా పోసి ఎరువు గుంతకు తరలించాలి.

బీడీ ఆకు విషయంలో మంటకు బదులు కొమ్మ కత్తిరింపు మేలైనది. ఫిబ్రవరి, మార్చి నెలలలో తునికి పొదలను పదునైన కత్తితో నేలమట్టానికి నరికితే సుమారు 45 రోజులలో కోతకు తగిన లేత ఆకు వస్తుంది. మంట వలన కొన్ని పొదలు చిగురించినా మరికొన్ని మాడిపోతాయి. కత్తిరింపులో ఆ నష్టం లేదు.

పశువులకు అక్టోబరు, నవంబరు నెలలలో, గడ్డి పూర్తిగా ఎండక ముందే, అనుమతి ఉన్న ప్రాంతాలలో కోసి ఎండబెట్టి నిలువ చేసుకోవాలి. దీని వలన రెండు ప్రయోజనాలు ఉన్నాయి: వేసవికి మేత దొరుకుతుంది, అంచు ప్రాంతంలో ఇంధనం తగ్గుతుంది. నీటి వసతి ఉన్నవారు కొద్ది సెంట్లలోనైనా పశుగ్రాసం పెంచుకుంటే కాపరి అడవిపై ఆధారపడడం తగ్గుతుంది.

తేనె తీసేవారు బహిరంగ కాగడాకు బదులు మూత గల పొగడబ్బా వాడాలి. వెంట నీరు తీసుకువెళ్ళి, దిగి వచ్చే ముందు నిప్పును పూర్తిగా ఆర్పాలి.

పంట వ్యర్థాలను రోటవేటరు లేదా ష్రెడ్డరుతో ముక్కలు చేసి నేలలో కలియదున్నాలి. పత్తి కట్టెను ముక్కలు చేసి కంపోస్టుగా మార్చుకోవచ్చును. గులాబి రంగు పురుగు నివారణకు పత్తి కట్టెను పొలంలో నిలువ ఉంచరాదన్న సూచన ఉన్నది గనుక, పంట ముగిసిన వెంటనే ఈ పని పూర్తి చేయడం అన్ని విధాలా శ్రేయస్కరం.

అంచు పొలంలో చేపట్టవలసిన పనులు

అటవీశాఖ వేసవికి ముందు అడవిలో అగ్ని నిరోధక రేఖలను శుభ్రపరుస్తుంది. అదే సూత్రాన్ని రైతు తన పొలానికి అన్వయించుకోవాలి.

డిసెంబరు – జనవరి: అడవి వైపు సరిహద్దు వెంట కనీసం 3 నుండి 5 మీటర్ల వెడల్పున గడ్డి, పొదలు తొలగించి మట్టి కనబడేలా దున్నాలి. వాలు దిగువన అడవి ఉన్న పొలాలకు మంట వేగంగా ఎక్కి వచ్చే అవకాశం ఉన్నందున వెడల్పు పెంచాలి. ఈ రేఖను నిప్పుతో శుభ్రం చేయరాదు.

ఫిబ్రవరి: గడ్డివాములను ఇంటికి, కొట్టానికి, అడవి అంచుకు దూరంగా మార్చాలి. అన్నీ ఒకే చోట కాక విడివిడిగా వేయడం మంచిది. మోటారు, స్టార్టరు పెట్టె, ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ గడ్డి తీయాలి. వేలాడే విద్యుత్ తీగలను గురించి విద్యుత్ శాఖకు తెలియజేయాలి. వాడకంలో లేని లేటరల్ పైపులను చుట్టి భద్రపరచాలి.

మార్చి – మే: రాలుతున్న ఆకు రేఖపై పేరుకుంటుంది గనుక వారానికొకసారి ఊడ్చాలి. ఒక తొట్టిలోగాని డ్రమ్ములలోగాని ఎల్లప్పుడు నీరు ఉంచాలి. వీపు స్ప్రేయరు, ట్రాక్టరు స్ప్రేయరు మంచినీటితో కడిగి సిద్ధంగా ఉంచాలి. 16 లీటర్ల వీపు స్ప్రేయరు పెద్ద మంటను ఆర్పలేదు, కాని మంట అంచులను తడపడానికి, ఆరిన మొద్దులను చల్లార్చడానికి బాగా ఉపయోగపడుతుంది. పురుగు మందు అవశేషాలు ఉన్న స్ప్రేయరును మంటపై వాడితే విషపు పొగ వెలువడే ప్రమాదం ఉన్నది.

గ్రామ స్థాయిలో వన సంరక్షణ సమితి సభ్యులు, యువకులు, చెంచు పెంటలలోని పెద్దలు కలసి ఒక బృందంగా ఏర్పడాలి. అడవి దారులు, నీటి చెలమలు, గాలి దిశ చెంచులకు తెలిసినంతగా ఇతరులకు తెలియవు. అగ్ని పరిశీలకులుగా వారిని నియమించుకోవడం అడవికి రక్షణ, వారికి ఉపాధి.

మంటను గుర్తించడం, సమాచారం అందించడం

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహాల సహాయంతో మంటలను గుర్తించి రాష్ట్రాలకు తెలుపుతున్నది. మోడిస్ పరికరం ఒక కిలోమీటరు, వైర్స్ పరికరం 375 మీటర్ల స్పష్టతతో వేడి బిందువులను చూపుతాయి. పేరు నమోదు చేసుకున్నవారికి సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. సర్పంచులు, వన సంరక్షణ సమితి బాధ్యులు తప్పక నమోదు చేసుకోవాలి. అయితే ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే ఒక ప్రాంతం మీదుగా వెళ్తుంది. రెండు పర్యాయాల మధ్య పుట్టిన చిన్న మంటను మొదట చూడగలిగేది గ్రామస్థుడే. పొగ కనబడిన వెంటనే బీటు అధికారికి, అగ్నిమాపక కేంద్రానికి 101, లేదా అత్యవసర సహాయానికి 112 నంబరుకు తెలియజేయాలి. చోటు, దారి, గాలి దిశ, సమీపంలో మనుషులు ఉన్నారా అన్న నాలుగు వివరాలు చెప్పాలి.

మంట వచ్చినప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

1. ఎవ్వరూ ఒంటరిగా వెళ్ళరాదు. ముందుగా తప్పించుకొనే దారి చూసుకొని, ఆ తరువాతనే పనికి దిగాలి.

2. మంటకు ఎగువన, ఎదురుగా నిలువరాదు. వెనుక నుండి గాని పక్కల నుండి గాని పచ్చికొమ్మలతో కొట్టుతూ అంచును కుదించాలి. కొమ్మను పైకెత్తి బాదితే రవ్వలు ఎగురుతాయి. కాలిన భాగం వైపుకు ఊడ్చినట్లు కొట్టాలి.

3. మంటకు తగినంత దూరంలో దంతె, పారలతో ఆకు, గడ్డి తొలగించి మట్టి రేఖ తీయాలి. ఎదురు మంట పెట్టడం శిక్షణ పొందిన అటవీ సిబ్బంది మాత్రమే చేయవలసిన పని.

4. నైలాను, పాలిస్టరు దుస్తులు కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఒళ్ళంతా కప్పే నూలు బట్టలు, తోలు చెప్పులు లేదా బూట్లు ధరించాలి. ముక్కుకు తడిబట్ట కట్టుకోవాలి.

5. మంట చుట్టుముట్టినట్లయితే కొండపైకి పరుగెత్తరాదు. అప్పటికే కాలి చల్లారిన నేలకు, దున్నిన పొలానికి, వాగు ఇసుకకు గాని బండరాళ్ళ మైదానానికి గాని చేరాలి. గత్యంతరం లేనప్పుడు గడ్డిలేని చోట బోర్లా పడుకొని ముఖం కప్పుకోవాలి.

6. ముందుగా పశువుల పలుపులు విప్పాలి. కొట్టంలో కట్టివేసిన పశువు తప్పించుకోలేదు. వృద్ధులను, పిల్లలను పొగ లేని దిశకు తరలించాలి.

7. కాలిన గాయంపై 20 నిమిషాల పాటు చల్లని నీటి ధార పోయాలి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పొగ పీల్చిన వారు పైకి ఆరోగ్యంగా కనిపించినా వైద్యునికి చూపించాలి.

మంట ఆరిన తరువాత

పైకి ఆరిన మంట మొద్దులలో, చెట్టు తొర్రలలో రెండు మూడు రోజులు రగులుతూ, మధ్యాహ్నపు గాలికి తిరిగి లేస్తుంది. కావున అంచు వెంట ఉన్న మొద్దులను మట్టితో, నీటితో చల్లార్చి, కనీసం రెండు రోజులు కాపలా ఉండాలి. కాలిన ప్రాంతంలో ఒక వానకాలం మేపు ఆపితే మొలకలు నిలదొక్కుకుంటాయి. వర్షాలకు ముందే వాలుకు అడ్డంగా కందకాలు, చిన్న వాగులలో రాతి కట్టలు వేస్తే మట్టి నిలుస్తుంది.

పంట, ఆస్తి నష్టాన్ని ఫొటోలతో సహా రెవిన్యూ, వ్యవసాయ అధికారులకు వెంటనే తెలియజేయాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనలలో సహజంగా సంభవించిన అగ్ని, పిడుగు చేరి ఉన్నాయి. నివారించదగిన, దురుద్దేశంతో కలిగించిన నష్టం చేరలేదు. పథకం అమలులో ఉన్న చోట రైతులు ఈ తేడాను గమనించాలి. ఎవరో పెట్టిన మంటకు బీమా పరిహారం దొరుకుతుందన్న భరోసా లేదు గనుక నివారణే నిజమైన బీమా.

చట్టపరంగా భారత అటవీ చట్టం 1927, ఉభయ రాష్ట్రాలలో అమలులో ఉన్న 1967 నాటి అటవీ చట్టం రక్షిత అరణ్యాలలో నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 30వ సెక్షను అభయారణ్యాలలో నిప్పు పెట్టడాన్ని, నిప్పును ఆర్పకుండా వదలడాన్ని నేరంగా పరిగణిస్తున్నది.

ముగింపు

అడవి మంటలో ఆర్పే పని కంటె రానివ్వకుండా చూసే పని సులభం, చవుక. ఒక ఎకరం పత్తి కట్టెను నేలలో కలియదున్నడానికయ్యే ఖర్చు, కాలిన డ్రిప్పు సామగ్రి విలువ ముందు స్వల్పం. అడవి ఉన్నంత కాలం దిగువ బావులలో ఊట ఉంటుంది, కొట్టంలో మేత ఉంటుంది, పెంటలలో ఇప్పపువ్వు, తేనె ఉంటాయి. కావున జనవరి నెలలోనే గ్రామసభలో ఈ విషయాన్ని చర్చించి, సరిహద్దు రేఖలు ఎవరు తీయాలి, ఇప్ప చెట్ల కింద వలలు ఎవరు సమకూర్చాలి, పొగ కనబడితే ఎవరికి ఫోను చేయాలి అన్న మూడు ప్రశ్నలకు ముందుగానే సమాధానం నిర్ణయించుకోవలసిందిగా అంచు గ్రామాల రైతు సోదరులకు, సోదరీమణులకు సూచించడమైనది.